యూకేజీ-బి గిన్నెలు

ఆ ఉదయం అనుకున్నది చిన్న పనే. ఎనిమిది చెక్క గిన్నెల అడుగున హబీబ్ పేరు రాస్తే, మధ్యాహ్నం ఏలూరు నుంచి గాయత్రిగారు వచ్చి ఎగ్జిబిషన్‌కి పట్టుకెళ్తారు. తాడేపల్లిగూడెంలో హబీబ్ తన లేత్ మిషను మీద తీసిన ప్రతి గిన్నే ఇన్నాళ్లూ ఏదో ఒక షాపు స్టిక్కరుతోనే అమ్ముడుపోయింది. చేసినవాడి పేరు ఎవరికీ తెలియదు. ఈసారి గాయత్రిగారు గట్టిగానే చెప్పారు: "చేసినవాళ్ల పేరుంటేనే తీసుకుంటానండీ."

బాల్ పెన్ను చెక్కను గీరింది తప్ప రాయలేదు. జెల్ పెన్ను రాసింది గాని, బొటనవేలు తగలగానే పేరు కాస్తా మరకైపోయింది.

"ఇంతోటి దానికి తల పట్టుకుంటారేంటండీ?" అంటూ భార్య షమీమ్ తన నల్ల మార్కరు తెచ్చింది. కూతురు మెహర్ బళ్లో ఎక్కడ ఏం పోగొట్టుకొస్తుందోనన్న బెంగతో టిఫిను మూత నుంచి సాక్సు దాకా పేరు రాసిపెట్టిన పెన్ను అది. "బండకేసి బాదినా పోదు. నాదీ పూచీ!"

హబీబ్ సంతకం బ్యాంకు కాగితం మీదే గళ్లు దాటిపోతుంది. "నీ రాత ముత్యాల్లా ఉంటుంది, నువ్వే రాసెయ్," అని పాలిష్ కలపడానికి వెళ్లాడు.

మొదటి గిన్నె తిప్పిందో లేదో, స్కూలు ఆటో సత్తిబాబు ఫోను.

"అమ్మా, ఆటోలో ఎవరిదో నీళ్ల బాటిల్ ఉండిపోయిందండీ. మీ పాపదేనా?"

"పేరు చూడండి. మెహర్, యూకేజీ-బి అని ఉంటే మాదే."

"కళ్లజోడు తేలేదండీ."

"ఎవరిచేతైనా చదివించండి బాబుగారూ! మెహర్! యూకేజీ-బి! పిల్ల సాయంత్రం దాకా నీళ్లు లేకుండా ఉంటుందా?"

భుజానికీ చెవికీ మధ్య ఫోను, చేతిలో మార్కరు. బాటిల్ ఇంకో పిల్లాడిదని తేలేసరికి ఎనిమిది గిన్నెలూ అయిపోయాయి.

హబీబ్ వచ్చి ఒకటి తిప్పి చూశాడు. "షమీమ్, నన్ను యూకేజీలో ఎప్పుడు చేర్పించావు?"

అన్నిటి అడుగునా ముత్యాల్లాంటి అక్షరాలు: మెహర్, యూకేజీ-బి.

తడిగుడ్డతో తుడిచారు. పోలేదు. కిరసనాయిలు రాశారు. పోలేదు. ఉప్పుకాగితంతో రుద్దితే, చెక్క లోపలికంటా తాగేసిన సిరా ఇంకా నిగనిగలాడింది.

"పోవడం లేదేంటే!"

"పోదనే కదండీ చెప్పాను!" అంది షమీమ్. ఏడుపొస్తున్నా పెన్నును మాత్రం తక్కువ చెయ్యలేదు.

హబీబ్ ఒక గిన్నెను మళ్లీ లేత్‌కి బిగించి అడుగు చెక్కాడు. పేరు పోయింది, అడుగూ పోయింది. గిన్నె గాజైంది. రెండోది బిగించబోతుండగా గుమ్మంలో గాయత్రిగారు.

ఆవిడ ఒక గిన్నె తిప్పి చూసి, హబీబ్ వైపు తిరిగింది. "మెహర్! ఎంత బాగుందండీ మీ పేరు. యూకేజీ-బి అంటే మోడలా?"

హబీబ్ భార్య వంక చూశాడు. షమీమ్ చెంగుతో కళ్లు తుడుచుకుని, గొంతు సవరించుకుంది. "అవునండీ. కొత్త మోడలు."

"అయితే ఈ మోడల్లోనే ఇంకో ఇరవై చేసివ్వండి మెహర్‌గారూ," అని ఆవిడ ఏడింటినీ కారెక్కించుకుంది.

జూన్‌లో మెహర్ ఒకటో తరగతికి వెళ్లింది. వాళ్ల నాన్న మాత్రం ఇంకా యూకేజీలోనే ఉన్నాడు.