పూల పద్దు

పౌరుడు తుపాకీ కొన్న సంగతి దేవుడికీ పౌరుడికీ తప్ప మూడో కంటికి తెలియరాదని శాసనసభ్యులు వెండెల్ ప్రూయిట్ గారు కోర్టు మెట్ల మీద నిలబడి ప్రకటించారు. కార్డు కంపెనీలు తుపాకీ దుకాణాలకు వేరే గుర్తు తగిలించి, ఎవరు ఎక్కడ గీకారో కనిపెడుతున్నాయట. ఆయన తెచ్చిన చట్టం ఆ కన్ను పొడిచేసింది. ఇకమీదట కార్డు బిల్లులో తుపాకీ దుకాణం పేరే ఉండదు. ఆ దుకాణంలో ఇంకేం దొరుకుతుందో ఆ సరుకు పేరు పడుతుంది, అంతే.

జనం చప్పట్లు కొట్టారు. పక్కనున్న ఆయన భార్య డార్లా కూడా కొట్టింది, ఆయన మెట్ల మీంచి ఎక్కడ జారిపడతాడోనని ఒక కన్ను ఆ కాళ్ల మీదే వేసి. డార్లాది అదో తత్వం. మబ్బు పడితే సుడిగాలి అనుకుంటుంది, కూతురు ఫోనెత్తకపోతే ఆస్పత్రి అనుకుంటుంది.

ఆ కౌంటీ మొత్తానికీ తుపాకుల కొట్టు ఒక్కటే, బోయ్డ్‌ది. మే నెలలో సమాధులు అలంకరించే ఆదివారం కోసం అతను గుమ్మం పక్కన ప్లాస్టిక్ పూలు కూడా పెడతాడు. రెండూ ఒకే చోట దొరకడం ఒకందుకు వీలేనని డార్లా అనుకునేది. అలా బోయ్డ్ కొట్టు చట్టప్రకారం పూలకొట్టయింది.

ఆర్నెల్లు గడిచాయి. కొన్నప్పుడల్లా వచ్చే మెసేజ్ వెండెల్ గారి ఫోనుకే పోయేది కానీ, బ్యాంకు వాళ్ల అభినందన మాత్రం డార్లాకు కూడా వచ్చింది. 'మీ ఇంట్లో పూలంటే ప్రాణమని గమనించాం. ఇకపై పూల మీద రెట్టింపు పాయింట్లు.'

బిల్లు తెరిస్తే అయిదుసార్లు పూలు. ఇంటికి ఒక్క రేకు వచ్చింది లేదు. కారుతున్న పైకప్పు బాగుచేయించేదాకా కొత్త తుపాకీ ముట్టనని ఆయన బైబిలు మీద ఒట్టేశారు కనుక డార్లాకు తుపాకుల ఊసే తట్టలేదు. అంతకంటే చెడ్డదే తట్టింది.

చర్చి విందులో ఆ అనుమానం స్నేహితురాలు జూనెల్ చెవిలో వేసింది.

"మీ ఆయన కూడానా?" అంది జూనెల్. "మావాడూ పూలేనే. ముప్ఫై ఏళ్ల కాపురంలో నాకో గడ్డిపూవు తెచ్చిన మొహం కాదు."

పాస్టరు గారి భార్య చెంచా కింద పెట్టింది. "మావారికి పూలంటే తుమ్ములమ్మా," అంది. "అయినా కొంటున్నారు."

మర్నాటి నుంచి ఊళ్లో మగవాళ్లంతా వెండెల్ గారి ఆఫీసు ముందు క్యూ కట్టారు. ఆయన చలించలేదు. "కాపురం పోతే పోనీ, హక్కు పోనివ్వకండి," అని ధైర్యం చెప్పి పంపారు.

సాయంత్రం ఇంటికి వస్తే హాల్లో డార్లా సూట్‌కేసు ఉంది.

"ఎవతది?"

"ఎవతీ లేదు బంగారం."

"మరి పూలెవరికి?"

"అది పౌరుడి సొంత విషయం. చట్టం ఒప్పుకోదు."

"ఆ చట్టం రాసింది నువ్వే కదా?"

"అందుకే నేను అసలు మీరకూడదు."

డార్లా సూట్‌కేసు ఎత్తింది. వెండెల్ గారు గరాజ్‌లోకి పరుగెత్తి, ఫ్రీజర్‌లో జింకమాంసం అడుగున దాచినవి ఒక్కొక్కటే తెచ్చి వంటింటి బల్ల మీద పరిచారు.

"తుపాకులా?" అంది డార్లా.

"తుపాకులే. తల్లి తోడు."

డార్లా కుర్చీలో కూలబడి ఏడ్చింది. తుపాకుల్ని చూసి అంత సంతోషం ఆవిడకు జన్మలో కలగలేదు. గడ్డకట్టిన ఒకదాన్ని పమిటచెంగులాంటి తన ఏప్రన్‌తో తుడిచింది కూడా. తర్వాత అలవాటు కొద్దీ బిల్లు పక్కన పెట్టుకుని సరిచూసింది. బల్ల మీద నాలుగే ఉన్నాయి.

"మరి ఈ అరవై డాలర్లదేంటి, వెండెల్?"

వెండెల్ గారు పైకప్పు మీది వానమరక వంక చూశారు.

"అవి పూలు," అన్నారు.

సోమవారం కోర్టు మెట్ల మీద వెండెల్ గారు ఇంకో చట్టం ప్రకటించారు. పౌరుడు పూలు కొన్న సంగతి కూడా దేవుడికీ పౌరుడికీ తప్ప మూడో కంటికి తెలియరాదట. శ్రీమతి గారు రాలేదేమని ఓ విలేఖరి అడిగితే, షాపింగుకు వెళ్లిందన్నారు.

అది నిజమే. డార్లా బోయ్డ్ కొట్లో ఉంది. గోడ మీద టీవీలో ఆయన ఉపన్యాసం వస్తోంది.

"సారు దంచేస్తున్నారమ్మా," అన్నాడు బోయ్డ్. "ఏం కావాలి?"

"మంచి పిస్తోలు ఎంతుంటుంది?"

"ఆరువందల నలభై."

"సరిగ్గా అంతకి సమాధి పూలు కట్టివ్వు."

"అన్నేసి పూలా? ఎవరు పోయారమ్మా?"

"ఇంకా ఎవరూ పోలేదు," అని డార్లా కార్డు ఆనించింది.

టీవీలో వెండెల్ గారు 'మూడో కంటికి' అన్న మాట దగ్గర ఆగారు. జేబులోంచి ఫోను తీసి, 'పూలు, ఆరువందల నలభై' అన్న మెసేజ్ చదువుకున్నారు. మళ్లీ చదువుకున్నారు. మైకు వదిలి పక్కకు నడిచారు.

బోయ్డ్ ఫోను మోగింది. అతను పూలు కడుతూనే దాన్ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకున్నాడు. అవతలి మాట పూర్తిగా విన్నాడు. డార్లా వంక చూశాడు.

"ఏమనుకోకండి సార్," అన్నాడు. "చట్టం ఒప్పుకోదు."