సోఫాలో పన్నెండో పాట

అన్న పోయిన రోజున, ఆసుపత్రి నుంచి తిరిగి రాగానే ఆమె రేడియో తీగను ప్లగ్గులోంచి లాగి, చుట్ట చుట్టి, రేడియోను అలమరా పైన పెట్టేసింది. ఏడవలేదు. కొన్నాళ్ళకు బడికి వెళ్ళి మళ్ళీ పాఠాలు చెప్పడం మొదలుపెట్టింది. ఇంటికొచ్చి అవసరమైన నాలుగు మాటలు మాట్లాడుతోంది. నవ్వడం మాత్రం మానేసింది. ఏదో సన్నని దారం ఒకటి ఆమెను నిలబెట్టి ఉంచిందనీ, అది పుటుక్కున తెగితే మళ్ళీ కుట్టడం తనవల్ల కాదనీ ఆమె భర్తకు భయం.

నిజానికి కుట్టడమే అతని వృత్తి. ఇంటి ముందు గదిలో పాత సోఫాలకు కొత్త స్పాంజి, కొత్త గుడ్డ వేసి ఇస్తాడు. వయసులో ఉన్నప్పుడు బావమరిది పాడే బృందంలో డ్రమ్స్ వాయించేవాడు. అప్పటి మిత్రులు ఇప్పటికీ ‘దరువు’ అనే పిలుస్తారు. ఆ బృందానికి ఒక అలవాటుండేది. ప్రోగ్రాంకి ముందు గాయకుడు మైకు పట్టుకుని, హాలు చివరి వరుసలో కూర్చున్న తన చెల్లెల్ని వినబడుతోందా అని అడిగేవాడు. ఆమె సరేనంటే తప్ప మొదటి పాట మొదలయ్యేది కాదు.

ఒక రోజు పొద్దున దరువు పెట్టుకున్న పని ఒక్కటే. భార్య పనిచేసే బడిలో హెడ్మిస్ట్రెస్‌గారి గదికి చెందిన సోఫా పూర్తిచేసి, సాయంత్రానికి పంపించాలి. ఒక సీటుకు అంచు కుట్టడం మాత్రం మిగిలింది. సూదిలో దారం ఎక్కిస్తుండగా గిటార్ మిత్రుడు ఫోన్ చేశాడు. అతను ఇప్పుడు కార్లు నడపడం నేర్పుతున్నాడు. పాత రికార్డింగు కంపెనీవాళ్ళు ‘ఆణిముత్యాలు’ అని తమ బృందం పాటల సీడీ ఒకటి వదిలారట. అడగడం మాట అటుంచి, చెప్పను కూడా చెప్పలేదట.

దరువు సూది అక్కడే గుచ్చి పాటల దుకాణానికి పరుగెత్తాడు.

అట్టమీద బొమ్మలో బావమరిది నవ్వుతున్నాడు. పక్కన గిటార్ మిత్రుడు. డ్రమ్స్ ముందు కూర్చున్నది మాత్రం అప్పట్లో వాళ్ళ సామాన్లు తోలిన వ్యాను డ్రైవరు. దరువు మోచెయ్యి ఒక్కటి అంచున కనబడుతోంది. అది చూసి బాధపడే తీరిక కూడా అతనికి దొరకలేదు. వెనక జాబితాలో చివరన, ‘పన్నెండో పాట: వినబడుతోందా, ఇంతవరకు విడుదల కానిది’ అని ఉంది. అలాంటి పాట వాళ్ళు ఏనాడూ కట్టలేదు.

దుకాణదారుణ్ణి అడిగి చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాడు. ముందు కుర్చీలు జరుపుతున్న చప్పుడు వినబడింది. తర్వాత బావమరిది దగ్గు. ఆ తర్వాత అతని గొంతు, పక్కనే నిలబడి పలికినట్టు, చెల్లెల్ని పిలిచింది.

దరువు చటుక్కున హెడ్‌ఫోన్లు లాగేశాడు. కంపెనీవాళ్ళు మైకు సరిచూసుకున్న ముక్కను పాట అనుకుని ముద్రించేశారు. ఇంట్లో రేడియో ప్లగ్గునే చూడలేని మనిషి, ఏ వీధి మలుపులోనో ఈ పిలుపు వింటే ఏమైపోతుంది?

దుకాణంలో ఉన్న సీడీలన్నీ కొనేశాడు. గిటార్ మిత్రుడు మిగతా పేటల్లో దుకాణాలు చూసుకుంటానన్నాడు. పన్నెండోది తీసేయకపోతే కోర్టుకెక్కుతామని బృందం తరఫున కంపెనీకి ఇద్దరి పేర్లూ పెట్టి మనిషి చేత ఉత్తరం పంపారు. కోర్టు ఏ వీధిలో ఉందో ఇద్దరికీ తెలియదు.

మధ్యాహ్నానికి దుకాణం మీదుగా వెళ్తే గుమ్మంలో బావమరిది నిలువెత్తు బొమ్మ నిలబడి ఉంది. ఒక్క పూటలో సరుకంతా ఊడ్చుకుపోయిందని దుకాణదారుడు కొత్తది తెప్పించాడు. భార్య బడికి వెళ్ళే దారి అది. మళ్ళీ అన్నీ కొని, ఆ బొమ్మ కూడా ఇమ్మన్నాడు.

“మీకు ఆ గాయకుడంటే ప్రాణంలా ఉందే” అన్నాడు దుకాణదారుడు.

“ఏదో, ఒక మాదిరి.”

“నాకైతే ఈ డ్రమ్స్ ఆయన నచ్చాడండీ” అంటూ వ్యాను డ్రైవరు మీద వేలు పెట్టాడు. “ఆ చెయ్యి చూడండి. పుట్టుకతో రావాలి.”

దరువు ఒప్పుకున్నాడు.

ఇంటికి చేరాడు గానీ భార్య వచ్చే వేళైంది. అలమరాలో పెడితే బట్టలకోసం తెరుస్తుంది. మంచం కింద పెడితే ఊడుస్తుంది. వీధి గేటు చప్పుడు కాగానే అతని చేతులు వాటంతటవే పనిచేశాయి. సోఫా సీటులో స్పాంజి ఎత్తి, సీడీలన్నీ లోపల పేర్చి, అంచు కుట్టేశాడు. రేపు విప్పి తీద్దామనుకున్నాడు. నిలువెత్తు బొమ్మను గోడవైపు తిప్పి గుడ్డ కప్పాడు.

ఇంతలో గిటార్ మిత్రుడు ఫోన్ చేసి, సంత దగ్గర ఒక దుకాణంవాడు ఆ పాటలు మైకులో పెట్టాడని చెప్పాడు. దరువు చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా పరుగెత్తాడు. ఆ దుకాణం నోరు మూయించి తిరిగొచ్చేసరికి ముందు గది బోసిగా ఉంది.

“సోఫా ఏదీ?”

“హెడ్మిస్ట్రెస్‌గారు మనుషుల్ని పంపారు. నేనే దగ్గరుండి ఎక్కించాను” అంది భార్య. “మీరు మరీ గట్టి స్పాంజి వేసినట్టున్నారు. కూర్చుంటే టకటకమంటోంది.”

ఆ రాత్రి అతనికి కునుకు పట్టలేదు. పొద్దున్నే కత్తెర జేబులో వేసుకుని, అంచు సరిచెయ్యాలని ఒక అబద్ధం సిద్ధం చేసుకుని, బడికి బయల్దేరాడు. అప్పటికే ఆలస్యమైంది. హెడ్మిస్ట్రెస్‌గారు బరువైన మనిషి. ఆవిడ కూర్చోగానే సీటు లోపల ఏదో ఫెళ్ళున విరిగింది. సీటు విప్పించి, సీడీలు చూసి, ఇది తమ టీచరు భర్త బడికి గుట్టుగా ఇచ్చిన కానుక అని ఆవిడ తీర్మానించింది. టీచర్లందరినీ పిలిచి తలొకటి పంచింది. ఒకటి సీడీ ప్లేయర్లో వేసి, విడుదల కాని పాట అని రాసి ఉందిగా, దాంతోనే మొదలుపెడదామంది.

దరువు గుమ్మంలోకి వచ్చేసరికి కుర్చీలు జరుగుతున్న చప్పుడు వినబడుతోంది. భార్య అందరి వెనక, గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

“చెల్లెమ్మా, చివరి వరుసకి వినబడుతోందా?” అన్నాడు పోయిన మనిషి.

దరువు కత్తెరను గట్టిగా పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. అతను దుకాణంలో భయంతో సగంలోనే ఆపేసిన ముక్క ఇంకా ఉంది. సన్నని ఆడపిల్ల గొంతు దూరం నుంచి బదులిచ్చింది.

“ఏం వినబడట్లేదన్నయ్యా.”

“వినబడకపోతే జవాబెలా చెప్పావే, దొంగా?”

గోడ దగ్గర నుంచి ఒక శబ్దం వచ్చింది. దారం తెగిందనే అనుకున్నాడు దరువు. కళ్ళు తెరిచి చూస్తే ఆమె నవ్వుతోంది. కన్నీళ్ళు ధారగా కారుతున్నాయి, తుడుచుకోకుండా నవ్వుతోంది. ఇంకోసారి పెట్టమని హెడ్మిస్ట్రెస్‌గారిని అడిగింది. తర్వాత మరోసారి.

ఆ సాయంత్రం రేడియో అలమరా మీద నుంచి కిందికి దిగింది. గుడ్డ కప్పిన బొమ్మ గోడవైపు నుంచి ఇటు తిరిగింది. అప్పుడే గిటార్ మిత్రుడు ఫోన్ చేసి, కంపెనీ భయపడిపోయిందని చెప్పాడు. కొత్తగా వేసే సీడీలన్నింటిలోనూ పన్నెండోది తీసేస్తున్నారట. ఇన్నేళ్ళలో వాళ్ళు బృందం మాట వినడం ఇదే మొదటిసారని అతని సంతోషం.

మర్నాడు ఆ సంగతి దుకాణదారుడి నోట విన్న భార్య కాగితం తీసుకుని కూర్చుంది. బృందాన్ని ఒక్క మాట అడగకుండా పాట తీసేసే హక్కు మీకెవరిచ్చారని రాసింది. టీచర్లంతా సంతకాలు చేశారు. హెడ్మిస్ట్రెస్‌గారు బడి ముద్ర వేశారు. మొదటి సంతకం దరువుది.

ఉత్తరం వెళ్ళిపోయింది. తీసేయమని అడిగిన బృందం తనేనని భార్యకు చెప్పడం ఒక్కటే ఇంకా మిగిలి ఉంది.