నాయకుడిగారి అతుకు చొక్కా

నిరాడంబరత ఊరికే రాదు. దానికొక శాఖ, శాఖకొక సంచాలకుడు, సంచాలకుడికొక ఏసీ కారు కావాలి. ఆ కారు ఒక ఉదయం సందు చివర బట్టలు కుట్టే ఆవిడ కొట్టు ముందు ఆగింది. రోడ్డు వెడల్పు చేయడానికి ఆ వరస కొట్లన్నీ వచ్చే వారం కూలుస్తామని అప్పటికే మైకులో చెప్పి వెళ్లారు. ఆవిడకు ముద్ద దిగడం లేదు.

సంచాలకుడు మడత నలగని కొత్త చొక్కా ఒకటి బల్ల మీద పరిచాడు.

"దీన్ని చింపి అతుకు వెయ్యాలమ్మా. రేపు సభలో నాయకుడుగారు వేసుకుంటారు."

"ఎంత చింపమంటారండీ?"

"వెనక వరసవాళ్లకి కూడా అతుకు కనపడాలి. లోపలి ఒళ్లు మాత్రం కనపడకూడదు."

(ఒళ్లు కనిపిస్తే పేదరికం, అతుకు కనిపిస్తే నిరాడంబరత. శాఖ నిబంధనల్లో ఈ తేడా స్పష్టంగా ఉంది.)

బంగారంలాంటి బట్టకు కత్తెర పెడుతుంటే ఆవిడ ప్రాణం ఉసూరుమంది. కుట్టు మరీ నీటుగా ఉందని సంచాలకుడు రెండుసార్లు విప్పించాడు. విసిగిపోయి వంకరగా కుడితే మురిసిపోయాడు.

"మా కొట్టు సంగతి ఆయన చెవిన వేస్తారా బాబూ?" అంది దారం కొరుకుతూ.

"మీరే వేద్దురుగాని. సభకి రండి."

మర్నాడు సభలో నాయకుడు భుజం తడుముకున్నాడు. "ఇది నా చెల్లెలి చేతి అతుకు" అంటూ గొంతు వణికించాడు. జనం కళ్లు ఒత్తుకున్నారు. ఆవిడను వేదిక ఎక్కించారు.

"అన్నయ్యా, మా కొట్టు కూల్చేస్తారంట" అనేసరికి మైకు ఆగిపోయింది. (కార్యక్రమంలో చెల్లెలు ఏడవాలని ఉంది, మాట్లాడాలని లేదు.) ఏం చేయాలో తోచక ఆవిడ భోరుమంది. కార్యక్రమం సజావుగా సాగింది.

అయితే ఆ ముక్క నాయకుడి చెవిన పడనే పడింది. "నా చెల్లెలి కొట్టు రోడ్డు కోసం కూలుస్తారా?" అని అందరి ముందూ అధికారులను కడిగేశాడు. సాయంత్రానికల్లా ఆ ఉత్తర్వు రద్దయింది. సందంతా ఆవిడను చూసి పొంగిపోయింది. వారం తిరిగేసరికి కొట్టును స్మారక మందిరం కోసం కూల్చారు.

చొక్కా ఇప్పుడు అక్కడే గాజు పెట్టెలో ఉంది. పెట్టె పక్కన నిలబడే ఉద్యోగం ఆవిడకే ఇచ్చారు. ఒక్కటే షరతు: అతుకులున్న బట్టలు కట్టుకుని రాకూడదు.