కారు వేగం పెరిగింది

ఆ ఉదయం ట్రాఫిక్ ఆఫీసు ఉద్యోగి వేసుకున్న పథకం చాలా చిన్నది. బాస్ కంటే ముందే మీటింగు హాల్లో కూర్చోవాలి. ఊళ్ళో నడక, సైకిలు, బస్సు ఎలా ఏడ్చినా కారు వేగం మాత్రం పెరిగిందని తన రిపోర్టు చదవాలి. ప్రమోషన్ పుచ్చుకోవాలి. దారిలో మామగారిని ఆఫీసు పక్కనున్న పళ్ళ డాక్టరు దగ్గర దింపాలి.

బస్సులో వెళ్ళమంది భార్య. ఆ రిపోర్టు రాసినవాడు బస్సు దిగితే పరువేం కావాలన్నాడు.

పెద్ద వీధి మలుపు తిరగగానే కారు ఆగింది. ఎంతసేపు ఆగిందంటే, పక్క కారాయన గడ్డం గీసుకోవడం పూర్తిచేసి, మళ్ళీ పెంచితే ఎలా ఉంటుందా అని ఆలోచనలో పడ్డాడు.

"కాళ్ళు తిమ్మిరెక్కాయి అల్లుడుగారూ. ముందు నడుస్తూ ఉంటా, వచ్చి ఎక్కించుకోండి," అని మామగారు దిగిపోయారు.

ఆయన డాక్టరు గుమ్మం చేరినా వెనకాల కారు జాడ లేదు. అల్లుడు కనిపించడం లేదని కూతురికి ఫోన్ చేసి, లోపలికెళ్ళి నోరు తెరిచారు. ఆ తర్వాత కూతురు ఎన్నిసార్లు ఫోన్ చేసి అడిగినా, నోట్లో దూదితో ఆయన మూలగడం తప్ప ఏమీ చెప్పలేకపోయారు. భర్త ఫోనేమో ఇంట్లో బల్లమీదే మోగుతోంది. ఆ మూలుగు విని ఆమె ఘోరం జరిగిపోయిందని తేల్చుకుని, ఆఫీసుకి ఫోన్ చేసి ఏడ్చింది.

బాస్ మెత్తని మనిషి. మీటింగు ఆపించి, ఆఫీసు కార్లన్నీ తీయించి, ముందు అంబులెన్సు పెట్టుకుని అదే వీధిలోకి అటువైపు నుంచి దిగాడు. సంగతేమిటో చూద్దామని ఊళ్ళో సగం బళ్ళు వాళ్ళ వెనకే వచ్చాయి. వీధి కాంక్రీటు పోసినట్టు బిగుసుకుపోయింది. చివరికి బాస్ కిటికీ, ఉద్యోగి కిటికీ పక్కపక్కనే ఆగాయి.

"నీకేమైందయ్యా?"

"ఏం కాలేదు సార్. మీటింగుకి వస్తున్నా."

"రిపోర్టులో ఏముంది?"

"కారు వేగం పెరిగింది సార్."

బాస్ ముందుకి చూశాడు, వెనక్కి చూశాడు. ప్రమోషన్ సంగతి అలా ఉంచి, ఉన్న ఉద్యోగానికే నీళ్ళు వదులుకున్నాడు ఉద్యోగి. అప్పుడే కంట్రోల్ రూం నుంచి బాస్‌కి ఫోన్ వచ్చింది. బళ్ళన్నీ ఈ ఒక్క వీధిలో ఇరుక్కోవడంతో మిగతా ఊరంతా ఖాళీ అట. అక్కడ కార్లు మునుపెన్నడూ లేనంత జోరుగా పోతున్నాయట.

"నిజమేనయ్యా, పెరిగింది," అని బాస్ కిటికీలోంచే చెయ్యి చాపి రిపోర్టు మీద సంతకం పెట్టాడు.

ప్రమోషన్‌తో పాటు ఆఫీసు కారు కూడా ఇచ్చారు. అది అంబులెన్సు వెనక ఎక్కడో ఇరుక్కుని ఉంది. దవడ పట్టుకుని నడుస్తున్న మామగారి వెనకాల, రెండు కార్ల తాళాలు జేబులో గలగలలాడుతుంటే, కొత్త అధికారి నడిచి ఇంటికి చేరాడు.