ప్లాస్టిక్ పచ్చికకు తలంటు

మా ఆయన మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. ఇన్ని తెలివితేటలు ఒక్కరే దగ్గర పెట్టుకుంటే మిగతా లోకం ఏమైపోవాలి?

పెరట్లో కుళాయి పక్కన మూడేళ్లుగా విష్ణుక్రాంత పెంచుతున్నాను. ఈ నేలలో పుట్టిన మొక్క. ఎరువు అడగదు, పొగడ్తా అడగదు. ఎండాకాలంలో పైకి మాడిపోయి, వేరులో నిద్రపోతుంది. తడి తగిలితే లేచి గోరంత నీలిపూలు పూస్తుంది. ఆ నిద్రను చూసి మా ఆయన పెద్ద డాక్టరులా పెదవి విరిచారు.

"పోయిందోయ్ అది. కలుపుమొక్క మీద ఎందుకంత బెంగ?"

"పోలేదండీ, పడుకుంది."

"నువ్వూ, నీ పడుకోవడమూను."

మర్నాడు నేను బజారుకెళ్లి వచ్చేసరికి పెరడంతా ప్లాస్టిక్ పచ్చిక. నా మూడేళ్లూ దాని కింద.

పాఠకులారా, ప్లాస్టిక్ పచ్చికను తిట్టేవాళ్లు అజ్ఞానులు! అది ఎండదు, ఎదగదు, తేనెటీగల్ని పిలిచి ఇల్లు రద్దీ చేయదు. సీతాకోకచిలుక వాలినా, అవమానపడి తనే వెళ్లిపోతుంది. మధ్యాహ్నం చెప్పుల్లేకుండా నడిస్తే అరికాళ్లకు ఇస్త్రీ ఉచితం. లిఫ్టు వచ్చేదాకా ఆగలేక మీట పదిసార్లు నొక్కే జాతికి ఇంతకన్నా తగిన గడ్డి ఉందా?

పైగా నీళ్లక్కర్లేదని దుకాణదారు హామీ. నిజమే, గడ్డికి అక్కర్లేదు. గడ్డి మీది దుమ్ముకు కావాలి. అందుకని మా ఆయన వేసవి పొడుగునా, రోజూ పొద్దున్నే పైపు పట్టుకుని, షాంపూ లేని లోటు తప్ప దానికి తలంటు పోశారు. బతికున్న మొక్కకు ఏనాడైనా చెంబెడు నీళ్లు పోశారా? ఆ నీళ్లు పచ్చిక అడుగున ఉన్న చిల్లుల్లోంచి ఎక్కడికి పోతున్నాయో ఆయన ఆలోచించలేదు. నేను చెప్పలేదు.

మొన్న ఆదివారం ఆయన ఆఫీసు స్నేహితుడు పచ్చిక చూడటానికి వచ్చాడు. కుళాయి దగ్గర వంగి, చిల్లులోంచి తల ఎత్తిన నీలిపువ్వును వేలితో తాకాడు.

"ఇది మరీ నిజం పువ్వులా ఉందిరా. ఎక్కడ కొన్నావు?"

మా ఆయన నావైపు చూశారు. నేను చాలా శ్రద్ధగా ఆకాశం చూస్తున్నాను.

"కొన్నది కాదురా. మా ఆవిడ మొక్క. చచ్చిందనుకుని నేనే దీని పైన పచ్చిక పరిపించాను." గొంతు తగ్గింది. "తప్పు నాదే."

గుమ్మంలో కూర్చున్న మా అత్తగారు చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నారు. పక్క వీధిలో గరిటె జారినా వినిపిస్తుంది ఆవిడకి.

"ఏమిటిరా? వినపడలేదు."

"తప్పు నాదే అన్నానమ్మా."