మా అబ్బాయి పెట్టిన కోరికల డబ్బా

మా ఆయన పోయినప్పటి నుంచి నాకు శాలువాలు రావడం మొదలైంది. భర్త పోయిన ఆడదానికి చలి ఎక్కువని ఎవరు చాటింపు వేశారో తెలియదు. పుట్టినరోజుకి శాలువా, పలకరించడానికి వచ్చినవాళ్ళ చేతిలో శాలువా. వాటికి చోటు చాలక బీరువాలోంచి నా చీరలు బయటికి వచ్చాయి. ఉక్కపోతకి విసురుకుంటూ, ఆ దొంతరను చూస్తూ కూర్చునేదాన్ని.

మిగతావాళ్ళ సంగతీ అంతే. మా అబ్బాయిది కళ్ళజోళ్ళ షాపు. కిందటేడు పెళ్ళానికి పుట్టినరోజు కానుకగా బరువు చూసుకునే మిషను తెచ్చాడు. మా కోడలు కరెంటాఫీసులో ఫిర్యాదుల కౌంటరులో పనిచేస్తుంది. ఆ మిషను మీద ఒక్క కాలు కూడా మోపలేదు. వాడి పుట్టినరోజు రాగానే జుట్టు మొలిపించే నూనె తెచ్చి, రంగు కాగితం చుట్టి, నవ్వుతూ ఇచ్చింది. ఆ తర్వాత కొన్నాళ్ళు ఇద్దరూ బుడంకాయ ద్వారానే మాట్లాడుకున్నారు. బుడంకాయ అంటే నా మనవరాలు. ఒకటో తరగతి.

ఆ బాధ పడలేక మా అబ్బాయి ఒక ఆదివారం పథకం తీశాడు. వాడికి పథకాలంటే ప్రాణం. అందుకే మా కోడలు వాణ్ణి పథకాలరావు అంటుంది.

“ఇకనుంచి ఎవరికేం కావాలో కాగితం మీద రాసి ఇందులో వెయ్యాలి,” అంటూ ఒక రేకు డబ్బా బల్ల మీద పెట్టాడు. “అప్పుడు ఎవరికి కావలసింది వాళ్ళకి వస్తుంది. నిజమైన కానుకంటే అదీ.”

“పేరు రాయాలా?” అంది కోడలు.

“వద్దు. పేరుంటే మొహమాటం. రాత చూస్తే ఎవరిదో నాకు తెలిసిపోదూ?”

“చదివేదెవరు?”

“నేనొక్కణ్ణే. రహస్యం.”

“మా ఆఫీసులోనూ ఇంతే. డబ్బా గోడకి ఉంటుంది, తాళంచెవి ఒకాయన జేబులో ఉంటుంది. ఫిర్యాదు మాత్రం ఎక్కడికీ పోదు.”

“ఇది ఫిర్యాదు కాదే, కోరిక!”

“మన ఇంట్లో ఆ రెంటికీ తేడా ఏముందండీ?”

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా ఆయన ఉన్నన్నాళ్ళూ నాకు చదువు రాదు. ఏ కాగితం వచ్చినా ఆయనే చదివి వినిపించేవారు. ఆయన పోయాక వినిపించేవాళ్ళు లేక, బుడంకాయ పక్కన కూర్చుని దాని కాపీ పుస్తకంలోనే నేనూ అక్షరాలు దిద్దాను. పై వరస దానిది, కింది వరస నాది. అందుకే మా ఇద్దరి రాతా ఒక్కటే. బోర్లించిన గిన్నెల్లాంటి అక్షరాలు, గీత మీద నిలవలేక కిందికి జారుతూ ఉంటాయి. పెన్సిలు కూడా ఇద్దరికీ ఒకటే. ఈ సంగతి మా పథకాలరావుకి తట్టలేదు.

నాకు కావలసింది పెద్దదేమీ కాదు. ఆయన ఉన్నప్పుడు అందరం హాల్లో బల్ల దగ్గర కలిసి భోంచేసేవాళ్ళం. ఆయన పోయాక మా అబ్బాయి “పెద్దవాళ్ళూ చిన్నవాళ్ళూ పెందరాళే తినాలి” అని కొత్త పద్ధతి పెట్టాడు. నాకూ బుడంకాయకీ ఏడింటికే వంటింట్లో. వాళ్ళిద్దరికీ తర్వాత హాల్లో. బుడంకాయ కబుర్లు చెప్తుంది కాబట్టి ఎలాగో నెట్టుకొస్తున్నాను.

రెండు మధ్యాహ్నాలు తంటాలుపడి రాశాను. “నాకు అందరితో కలిపి భోజనం పెట్టాలి. బయటికి వెళ్తే ఎప్పుడొస్తారో చెప్పి వెళ్ళాలి. రాత్రి చీకట్లో భయం, చిన్న దీపం కావాలి. తువ్వాలు కొక్కెం నాకు అందడం లేదు.”

మర్నాడు సాయంత్రం మా అబ్బాయి సుత్తి పట్టుకుని వచ్చాడు. నా కోరిక తీరుతోందని నేనూ వెనకే వెళ్ళాను. కొక్కెం కిందికి దించాడు. బాగా కిందికి. నా మోకాలి దగ్గరికి.

“బుడంకాయా, ఇప్పుడు అందుతోందా తల్లీ?” అన్నాడు దాన్ని దగ్గరికి తీసుకుని.

చిన్న దీపం బుడంకాయ మంచం పక్కన వెలిగింది. షాపుకి బయల్దేరుతూ వాడు వంగి దాని చెవిలో, “ఎనిమిదింటికల్లా వచ్చేస్తానమ్మా,” అని చెప్పాడు. అది కళ్ళు మిటకరించింది. ఇంతకుముందు వాడెప్పుడొస్తాడో దానికీ తెలియదు, అది అడగనూ లేదు.

లోపల వాళ్ళిద్దరికీ పెద్ద గొడవే అయిందని కోడలు తర్వాత చెప్పింది.

“పసిపిల్ల ఎంత కుమిలిపోయి రాసిందో తెలుసా! నువ్వు ఆఫీసు, ఆఫీసు అని తిరగబట్టే.”

“నేను అయిదింటికే ఇంట్లో ఉంటాను. అద్దాలు తుడుచుకుంటూ అక్కడే ఉండిపోయేది మీరు.”

“దాన్ని రేపట్నుంచి మనతోనే కూర్చోబెట్టు.”

అలా నా కోరిక తీరింది. నాకు మాత్రం కాదు. అంతకుముందు వంటింట్లో నాకు తోడుండేది బుడంకాయ ఒక్కతే. ఇప్పుడు అదీ హాల్లోకి వెళ్ళిపోయింది. ఏడింటికి నేనూ, నా కంచం, ఎదురుగా గిన్నెల అలమార. గోడ అవతల ముగ్గురి నవ్వులు వినపడేవి. నా కాగితం వాళ్ళకి అందిందనీ, నాకంటే పసిదానికే అవసరమనుకున్నారనీ అనుకున్నాను. నోరు తెరిచి అడగలేదు. రాసి ఇచ్చిందే చాలనుకున్నాను.

ఇక నా వంతు వచ్చింది. మా అబ్బాయి నా మెడలో ఒక ఈల వేశాడు. ఎర్ర తాడుతో.

“ఇదేమిట్రా?”

“నువ్వు అడిగిందే కదమ్మా,” అన్నాడు జాలిగా.

నేను ఈల ఎందుకు అడుగుతాను? మర్నాడు పింగాణీ కుక్క ఒకటి నా కిటికీలో వెలిసింది. “నిజం కుక్కని పెంచలేం కదమ్మా, దీంతో సర్దుకో,” అన్నాడు. ఎదురు చెప్పబోతే, “నిన్నెవరూ తిట్టరు, సరేనా?” అని నా తల నిమిరాడు. ఆ నిమరడం నాకు నచ్చలేదు. తన కాగితంలో ఈల, కుక్క అడిగిన బుడంకాయ ఆ రెంటినీ చూసి ఏడుపు లంకించుకుంది. నానమ్మకి వచ్చినవి చూసి అసూయ అనుకున్నారు.

ఆ శనివారం నేను కూరల బజారు నుంచి వచ్చేసరికి నా మంచం లేదు. పరుపు నేలమీద పరిచి ఉంది. గోడల పక్కన చుట్టూ దిళ్ళు.

“మంచం ఏదమ్మాయ్?”

కోడలు నా మొహంలోకి చూడలేదు. “ఎగిరితే పడతారని... మీ అబ్బాయే తీయించారు అత్తయ్యా.”

“ఎగరడమేమిటి? లేవడానికే గోడ పట్టుకుంటాను నేను!”

దిళ్ళు సర్ది వెళ్ళిపోయింది. కాసేపటికి నా దగ్గరున్న వీధి తలుపు తాళంచెవి కూడా అడిగి తీసుకున్నారు. అప్పుడర్థమైంది, నాకు మతి తప్పిందని వీళ్ళు అనుకుంటున్నారని. ఆ రాత్రి నేలమీద పడుకుని, నిజంగా తప్పిందేమోనని నేనూ అనుకున్నాను. తప్పిన వాళ్ళకి తెలియదంటారు కదా.

సోమవారం డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన నా నాడి చూసి, ఇవాళేం వారమో అడిగి, గొంతు తగ్గించి, “అమ్మా, మంచం మీద ఎగరాలని ఎప్పట్నుంచి అనిపిస్తోంది?” అన్నారు.

“నా మోకాళ్ళు ముట్టుకుని చూసి, ఆ ప్రశ్న మళ్ళీ అడగండి బాబూ.”

డాక్టరు మా అబ్బాయి వైపు చూశారు. వాడు జేబులోంచి కాగితం తీశాడు. “ఇదిగోండి సార్, స్వయంగా రాసింది.”

నేనే లాక్కుని చదివాను. “కుక్క కావాలి. ఈల కావాలి. మంచం మీద ఎగరనివ్వాలి. ఎవరూ నన్ను తిట్టకూడదు.” చదువుతూ ఉంటే చాలా రోజుల తర్వాత నవ్వొచ్చింది.

“ఇది బుడంకాయ రాసిందిరా. నాకు కుక్కంటే చచ్చేంత భయం.”

“మరి బుడంకాయ రాసిన...” అంటూ వాడు రెండో కాగితం తీశాడు. మధ్యలో ఆగిపోయాడు. మా కోడలు దాన్ని వాడి చేతిలోంచి తీసుకుని మొదటిసారి చదివింది. “అందరితో కలిపి భోజనం పెట్టాలి” దగ్గరికి వచ్చేసరికి కాగితం మడిచి తన సంచీలో పెట్టుకుంది.

డాక్టరు కాసేపు బల్ల మీదున్న పెన్నును అటూ ఇటూ తిప్పారు. “మీది కళ్ళజోళ్ళ షాపు అన్నారు కదూ?” అన్నారు మా అబ్బాయితో. “వీలు చూసుకుని మీరోసారి చూపు పరీక్ష చేయించుకోండి.”

బస్సెక్కి ఇంటికి బయల్దేరాం. బుడంకాయ కోసం ఒక్క రోజులో అన్నీ చేశారు. అవన్నీ నేనడిగినవే. ఆ ముక్క ముగ్గురికీ తెలుసు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

ఎనిమిదింటికి కోడలు హాల్లో నాలుగు కంచాలు పెట్టింది. నేను వెళ్ళి నా చోట్లో కూర్చున్నాను. మా అబ్బాయి మాత్రం నిలబడే ఉన్నాడు.

“కూర్చోరా.”

“అమ్మా, నీకు ఏడింటికి పెట్టించింది నీ ఆరోగ్యం కోసం కాదు,” అన్నాడు నేల చూపులు చూస్తూ. “నువ్విక్కడ కూర్చుంటే పక్కన నాన్న కుర్చీ ఖాళీగా కనిపిస్తుంది. నాకు ముద్ద దిగదు.”

నాకూ దిగదు. వంటింట్లోనూ దిగలేదు. ఆ మాట వాడితో అనలేదు.

“అంతేగా? అయితే ఆ కుర్చీలో నువ్వు కూర్చో. మనం కూర్చున్న కుర్చీ మనకి కనిపించదు.”

“ఏం పథకాలరావు గారూ,” అంది కోడలు కళ్ళు ఒత్తుకుంటూ, “ఈ పథకం మీకెందుకు తట్టలేదు?”

“తట్టింది. కూర్చోలేకపోయాను.”

మెల్లగా వచ్చి కూర్చున్నాడు. కుర్చీ ఎడమ పక్కకి ఒరిగింది. లేచి, సర్ది, మళ్ళీ కూర్చున్నాడు. ఈసారి కుడి పక్కకి ఒరిగింది.

“అమ్మా, నాన్న ఇన్నేళ్ళూ దీనిమీద ఎలా కూర్చున్నారు?”

“నిన్ను తిట్టుకుంటూ,” అన్నాను. “ఆ కుర్చీ కాలు బాగుచేయించమని ఏటా నీతో చెప్పేవారు. నువ్వు ఏటా ఆయనకి కళ్ళజోడు తెచ్చేవాడివి.”

వాడు నవ్వబోయాడు, సగంలో ఆగిపోయింది. కంచం దగ్గరికి లాక్కున్నాడు. ఆ పూట అటూ ఇటూ ఒరుగుతూనే అన్నం తిన్నాడు. మారు కూడా పెట్టించుకున్నాడు.