మట్టం చూసిన కొబ్బరికాయ

శనివారం పొద్దున ఏడు గంటలకు, హిందూపురంలో తన ఇంటి ముందు, హనుమంతరాయుడు పాత మోటారుసైకిలు వెనక టెంటు మూటను తాడుతో బిగిస్తున్నాడు. అనుకున్నది చాలా సులువైన ప్రయాణం. పెద్ద రోడ్డు ముట్టుకోకుండా పల్లెదారుల్లో పెనుకొండ, అక్కడినుంచి కనగానపల్లి వైపు, ఎక్కడో ఒక బీడులో రాత్రి పడక. మర్నాడు ధర్మవరం చూసుకుని సాయంత్రానికి ఇల్లు.

ఇరవై ఆరేళ్లుగా పట్టుగూళ్ల మార్కెట్లో కాటా దగ్గర నిలబడిన మనిషి అతను. చెవుల్లో ఎప్పుడూ వేలంపాటే. ఆదివారమైతే బెంగళూరునుంచి తోలుకోట్లు వేసుకున్న కుర్రాళ్లు, వెనక టెంట్లు కట్టుకుని, ఊరి మీదుగా బుర్రుమని పోతారు. వాళ్లకు ఆకాశం, తనకు కాటా. ఎవరు పంచారో గానీ బాగానే పంచారు. నలభై తొమ్మిదేళ్లకు అతను కోరుకున్నది ఒక్కటే: ఒక్క రాత్రి, ఎవరూ పేరు పెట్టి పిలవని చోట, మట్టి మీద వెల్లకిలా పడుకుని చుక్కలు చూస్తూ నిద్రపోవాలి. ఆ ఒక్క రాత్రికి సెలవు దొరకడానికే మూడు నెలలు పట్టింది.

"ఇంట్లో మంచం లేదా?" అంది భార్య ప్రమీల గడపలో నిలబడి. "పరుపు ఉండాది, ఫ్యాను ఉండాది. అన్నీ ఇడిసిపెట్టి చేలల్లో పండుకునేకి పోతాండావు. పెండ్లాం తరిమేసినాదనుకుంటారు జనం."

"అనుకోనీలే. ఒక్క రాత్రే కదా."

"పెనుకొండలో ఆంజనేయసామికి ఈ కాయ కొట్టు. ధర్మవరంలో నాకు చీర తీసుకో. రెంట్లో ఏది మర్చిపోయినా ఇంగ రోజూ ఆ టెంట్లోనే పండుకుందువులే."

కొబ్బరికాయ సంచిలో వేసి, హెల్మెట్ తెచ్చి నెత్తిన పెట్టింది. దాని వెనక తెల్లటి పెద్ద అక్షరాలతో 'ఓ పాజిటివ్' అని ఆమే రాయించింది, దారిలో ఏమైనా అయితే రక్తం ఎక్కించేవాళ్లకు వెతుకులాట లేకుండా. ఆమె ప్రేమ ఆ తీరుగా ఉంటుంది.

ఊరు దాటాక దారి తనంతట తానే మెత్తబడింది. రెండు పక్కలా ఎర్రనేల, అక్కడక్కడా చింతచెట్ల నీడలు, ఆ నీడల్లో కళ్లు మూసుకుని నిలబడ్డ గొర్రెలు. పెనుకొండ కొండ మంచులోంచి కొంచెం కొంచెంగా, తొందరేమీ లేనట్టు బయటికొచ్చింది. గుడి దగ్గర జనం కిక్కిరిసి ఉంటే, తిరుగు దారిలో కొడదాంలే అనుకుని కాయను సంచిలోనే ఉంచేశాడు. ఇంకా ముందుకు పోతే, దూరపు గుట్టల మీద గాలిమరలు నిద్రలో చెయ్యి తిప్పుతున్న మనుషుల్లా తిరుగుతున్నాయి. హనుమంతరాయుడికి ఆనందంతో కళ్లు చెమర్చాయి. దుమ్ము పడిందనుకుని తుడుచుకున్నాడు.

పదకొండుకు ఒక పల్లె పక్కన కావలసిన చోటు దొరికింది. ఎర్రటి బీడు, మధ్యలో ఒకే ఒక్క వేపచెట్టు, పైన ఆకాశం తప్ప ఏమీ లేదు. చెప్పులు విప్పి మట్టిలో నడిచాడు. అరికాళ్లకు ఆ చల్లదనం తగిలితే చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి తిరిగిన దినాలు గుర్తొచ్చాయి.

ఆ బీడు కుళ్ళాయమ్మది. అందులో ఏడో బోరు వేయించడానికి నీళ్లు చూసే కొత్త మనిషొకడు ధర్మవరం నుంచి రావలసి ఉందని, ఇంటిల్లిపాదీ పొద్దుటినుంచి అతని కోసం దారి చూస్తున్నారని హనుమంతరాయుడికి తెలియదు. ఆ వైపు నీళ్లు చూసేవాళ్లు చెప్పులు విప్పి నడుస్తారు, అరచేతిలో కొబ్బరికాయ పట్టుకుంటారు, కాయ నిలిచిన చోట నీళ్లంటారు, ఓ పాజిటివ్ రక్తం ఉన్నవాడికే భూమిలో నీళ్లు తెలుస్తాయంటారు.

"వచ్చినావా సామీ!" అంటూ కుళ్ళాయమ్మ గట్టు దిగి వచ్చింది. అరవై ఏళ్ల మనిషి. వెనక మొగుడు చెన్నప్ప. "పొద్దున్నించి నీకోసమే చూస్తాండాము."

పల్లె మర్యాద అంటే ఇదీ అనుకున్నాడతను. "ఈడ కాసేపు పండుకోవచ్చా అమ్మా?"

"పండుకో నాయనా. నేలకు చెవి పెట్టి చూస్తావేమో, నీకు తెల్లనిదేముంది."

అతనికి ఆ మాట అర్థం కాలేదు గానీ బాగుంది. పాముల భయంతో అడిగాడు. "పుట్టలేమన్నా ఉండాయా?"

భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పుట్ట ఉన్న పక్కన నీటిజాడ ఉంటుందని నీళ్లు చూసేవాళ్లు మొదట అడిగే ప్రశ్న అదే. "తూర్పుపక్క రెండు ఉండాయి సామీ," అన్నాడు చెన్నప్ప గొంతు తగ్గించి.

హనుమంతరాయుడు వెంటనే పడమరకు తిరిగాడు. ఇక టెంటుకు సమతలంగా ఉన్న నేల కావాలి, లేకపోతే రాత్రంతా తల కిందికి జారుతుంది. ఏం చేద్దామా అని చూస్తే సంచిలో కొబ్బరికాయ కనబడింది. దాన్ని తీసి నేల మీద పెట్టాడు. దొర్లింది. నాలుగడుగులు అవతల పెట్టాడు. మళ్లీ దొర్లింది. ఇంకో చోట పెట్టాడు. ఈసారి కాయ కదల్లేదు. అక్కడే ఇనుప మేకు పెట్టి సుత్తితో కొట్టాడు.

"ఆగింది," అంది కుళ్ళాయమ్మ, ఊపిరి బిగబట్టి.

"ఆగింది," అన్నాడు అతనూ, సంతోషంగా.

తర్వాత జరిగింది అతని జీవితంలోకెల్లా మంచి మధ్యాహ్నం. రాగిసంగటి, వేరుశనగ ఊరిబిండి తెచ్చి పెట్టారు. తిని టెంట్లో నడుం వాల్చాడు. గుడ్డలోంచి పడే పసుపురంగు వెలుతురు, వేపకొమ్మ నీడ, ఎక్కడో మేకల మెడగంటలు. హిందూపురంలో పక్కింటివాళ్లు ఉప్పు కూడా అప్పివ్వరు, ఇక్కడ ముక్కూమొహం తెలియనివాడికి అన్నం పెడుతున్నారు అనుకుంటూ నిద్రలోకి జారాడు. బయట అతని మేకుకు పసుపు, కుంకుమ పెట్టి, చుట్టూ మూడు రాళ్లు పాతారు. అది అతను చూడలేదు.

మూడు గంటలకు భూమి అదిరింది. టెంటు జిప్పు తీసి తల బయట పెడితే, ఎదురుగా బోరు బండి, దాని వెనక ఇంకో లారీ, వాటి వెనక సగం ఊరు.

"టెంటు జరపప్పా," అన్నాడు బోరు బండి డ్రైవరు ఉమేష్. "పాయింటు మీద ఉండాది."

"ఏం పాయింటు?"

"నువ్వు పెట్టిన పాయింటే కదప్పా!"

మేకు మీద కుంకుమ చూశాక హనుమంతరాయుడికి సంగతంతా ఒక్కసారిగా తెలిసొచ్చింది. "అమ్మా, నేను నీళ్లు చూసేవాన్ని కాదు! కాటా దగ్గర పని చేసేవాన్ని. చుక్కల కింద పండుకునేకి వచ్చినా!"

అంతా నవ్వారు. "పెద్దోళ్లు అట్లే చెప్తారు," అన్నాడు చెన్నప్ప, హెల్మెట్ అందరికీ కనబడేలా తిప్పి పట్టుకుని. "మరి ఈ రక్తం ఎవరిదప్పా?"

అప్పుడే, రావలసిన కొత్త మనిషికి వీలు కాక అతని బదులు బయల్దేరిన పాత నీళ్లు చూసేవాడు వీరభద్రయ్య మోపెడ్ నడిపించుకుంటూ, పంక్చరయిన టైరునూ దారినీ కలిపి తిట్టుకుంటూ వచ్చాడు. మేకు చూసి మండిపడ్డాడు. "ఎవుడప్పా నువ్వు? యాడ నేర్చినావు ఈ విద్య? నీళ్లు పుట్ట పక్కన ఉంటే నువ్వు పడమరకు పోయినావా?"

"నేనూ అదే చెప్తాండా అన్నా! నాది పాయింటు కాదు. కాయ పెట్టి మట్టం చూసినా, అంతే!"

"ఇన్నారా? వాని నోట్లోనుంచే వచ్చినాది!" అన్నాడు వీరభద్రయ్య.

కుళ్ళాయమ్మ ముందుకొచ్చింది. "వీరభద్రన్నా, ఇంతకుముందు ఆరు బోర్లూ ఎవరు పెట్టినారు?"

వీరభద్రయ్య మోపెడ్ టైరు వైపు చూశాడు.

"ఆరు తూర్లూ నీళ్లు ఉండాయని నువ్వు ఒట్టేసి చెప్తివి. ఆరింట్లోనూ దుమ్మే వచ్చె. నాకు తెల్లదని చెప్పినోడు ఈ నాయన ఒక్కడే. ఈడనే ఎయ్యండి."

పారిపోదామంటే మోటారుసైకిలు రెండు లారీల మధ్య ఇరుక్కుపోయి ఉంది. టెంటును పీకి వేపచెట్టు కిందికి మార్చారు. బోరు రాడ్డు నేలలోకి దిగింది. బూడిదరంగు దుమ్ము లేచి బీడంతా కమ్ముకుంది. నూరడుగులు, రెండు నూర్లు. ఉమేష్ అడుగులు అరిచి చెప్పినప్పుడల్లా జనం బోరును కాదు, హనుమంతరాయుణ్ణి చూస్తున్నారు. కుళ్ళాయమ్మ మాత్రం ఎవరినీ చూడకుండా, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మట్టిలో కూర్చుని ఉంది. ఆమెను చూశాక అతనికి చుక్కలు మరుపున పడ్డాయి. చెవులు గింగురుమంటుండగా, పెనుకొండ దిక్కు తిరిగి, "సామీ, నీ కాయ ఎగ్గొట్టినానని కోపం వీళ్ల మీద చూపించొద్దు," అని, కొబ్బరికాయను రాయి మీద పగలగొట్టాడు.

మూడు వందల పది అన్నాడు ఉమేష్. దుమ్ము తడిసి బురదయింది. ఆ తర్వాత తెల్లటి నీళ్లు తాటిచెట్టంత ఎత్తు లేచాయి.

పొద్దు అప్పుడే గుట్టల వెనక్కి దిగుతోంది. నీటిచుక్కల్లో వెలుతురు బంగారమై రాలుతుంటే, గాలిమరలు ఆ తెరలోంచి ఊరేగింపులా కనబడ్డాయి. పిల్లలు, ముసలాళ్లు అందరూ తడిశారు. వీరభద్రయ్య కూడా తడిశాడు, కొంచెం దూరంగా నిలబడి. కుళ్ళాయమ్మ దోసిలితో నీళ్లు పట్టి, తాగకుండా, ఊరికే చూసుకుంటూ ఉండిపోయింది. హనుమంతరాయుడు తల ఎత్తి చూశాడు. మొదటి చుక్క పొడిచింది. ఇంక ఈ రాత్రి తనది.

"చేలో పండుకుంటావా?" అంది కుళ్ళాయమ్మ నిర్ఘాంతపోయి. "నీళ్లు చూపించినోన్ని మట్టిలో పండబెడితే మాకు పుట్టగతులుంటాయా?"

ఎంత బతిమాలినా వినలేదు. నలుగురు మోసినంత పని చేసి ఇంటికి తీసుకుపోయారు. కొత్త దుప్పటి పరిచిన మంచం మీద పడుకోబెట్టి, ఫ్యాను వేసి, దోమలొస్తాయని కిటికీ మూసి, ఎవరూ కదిలించకుండా తలుపు దగ్గర ఇద్దరు కాపలా కూర్చున్నారు. తెల్లవార్లూ అతను తిరిగే ఫ్యానునే చూస్తూ గడిపాడు.

పొద్దున బీడుకు పోతే, చెన్నప్ప టెంట్లోంచి ఒళ్లు విరుచుకుంటూ బయటికొచ్చాడు.

"కొత్త బోరులో ఎవరన్నా రాళ్లేస్తారని కాపలా పండుకున్నానప్పా. ఎన్ని చుక్కలు! ఇట్లాంటి నిద్ర నా జన్మలో పోలేదు. మోటారు బిగించేవరకు ఈ టెంటు ఈడనే ఉండనీ, నీకు పుణ్యముంటాది."

హనుమంతరాయుడు సరేనని టెంటు మేకులు ఇంకాస్త గట్టిగా దిగ్గొట్టి ఇచ్చాడు. హెల్మెట్ మీది అక్షరాలకు గుప్పెడు తడిమట్టి పూసుకుని, ధర్మవరంలో చీర తీసుకుని, పెద్ద రోడ్డు మీదుగా ఇల్లు చేరాడు.

"రాత్రి యాడ పండుకున్నావు?" అంది ప్రమీల చీర విప్పి చూసుకుంటూ.

"మంచం మీద."

"దానికా అంత దూరం పోయినావు?"

నాలుగు నెలలయింది. ఫోను చేసినప్పుడల్లా చెన్నప్ప ఒకటే మాట, మోటారు ఇంకా బిగించలేదప్పా అని. మొన్న అటు పోయొచ్చిన బోరు బండి ఉమేష్ మాత్రం, ఆ బీడంతా ఇప్పుడు పచ్చటి వేరుశనగ చేను అయిందని, దాని గట్టు మీద టెంటు చాలా బాగుందని చెప్పాడు.